కారు లైసెన్స్ వచ్చి నాలుగు నెలలే అయింది, అరకుకి సెల్ఫ్ డ్రైవ్ కారు ఇస్తారా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు. వయసు 21, కారు లైసెన్స్ చేతికొచ్చి నాలుగు నెలలు. ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి వైజాగ్ నుంచి అరకు వెళ్లి మర్నాడు తిరిగి రావాలి, సెల్ఫ్ డ్రైవ్ కారు ఎవరైనా ఇస్తారా అన్నది మొదటిది. రెండోది చివర్లో ఒక్క లైనులో తేల్చేశావు గానీ నాకు అదే పెద్దదిగా కనిపించింది: ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య లైసెన్స్ మీద బుక్ చేసి నువ్వు నడిపితే ఏమన్నా అవుతుందా అని.

సూటిగా చెప్తాను. నీకు కారు అద్దెకివ్వడానికి చట్టం అడ్డు చెప్పదు. అయినా చాలామంది ఇవ్వరు. నేనైతే ఇస్తాను, కానీ అరకుకి ఇవ్వను. ఇక అన్నయ్య లైసెన్స్ మీద బుక్ చేసే పని మాత్రం అస్సలు చెయ్యొద్దు. కారు దొరక్కపోతే ట్రిప్ పోతుంది, అంతే. ఆ పని చేస్తే ఏం పోతుందో కింద రాస్తాను.

నేను తొమ్మిదేళ్లుగా వైజాగ్‌లో సెల్ఫ్ డ్రైవ్ బళ్లు తిప్పుతున్నాను. ఇప్పుడు ఏడు కార్లున్నాయి, లైసెన్స్ ఉన్న ఒక పెద్ద ఆపరేటర్ కింద అటాచ్ చేశాను. ఎందుకంటే 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ స్కీమ్‌లో కనీసం 50 కార్లు ఉన్నవాళ్లకే లైసెన్స్ అని రాశారు. నాలాంటి చిన్నవాళ్లు ఎవరి నీడలోనైనా ఉండాలి, లేదంటే వైట్ బోర్డు కారు, అంటే తెల్ల ప్లేటున్న సొంత కారు, గుట్టుగా తిప్పాలి. ఆ గుట్టు సంగతి తర్వాత చెప్తాను, అందులో నీకు పనికొచ్చే విషయం ఉంది.

ముందు వయసు. కారు లైసెన్స్‌కి 18 చాలు. కానీ మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపాలంటే 20 నిండాలి. అద్దెకిచ్చే బ్లాక్ బోర్డు కారు, అంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కారు, ట్రాన్స్‌పోర్ట్ కిందే రిజిస్టర్ అవుతుంది. అందుకే 18, 19 ఏళ్ల పిల్లలొస్తే నేను మాటలు పెంచకుండా పంపించేస్తాను. పైగా చాలా చోట్ల 21 అని పెట్టుకుంటారు. నీకు 21 కాబట్టి ఆ గీత దాటావు. బ్యాడ్జి, అంటే టాక్సీ డ్రైవర్లకిచ్చే విడి అనుమతి, ఉండాలేమోనని భయపడకు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపడానికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్, అంటే కారు లైసెన్స్, చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చేసింది.

నువ్వు ఆగిపోయేది రెండో గీత దగ్గర: లైసెన్స్‌కి ఏడాది నిండాలి. ఇది చట్టంలో ఉన్నది కాదు, మా వ్యాపారంలో పెట్టుకున్నది. ఎందుకు పెట్టుకున్నామో తెలిస్తే మా మీద కోపం తగ్గుతుంది.

మన దేశంలో కారు ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టేటప్పుడు బండి ఎంత సీసీ, దాని విలువెంత, ఎక్కడ రిజిస్టర్ అయింది అని చూస్తారు. నడిపేవాడి వయసెంత, లైసెన్స్ ఎప్పుడొచ్చింది అని అడగరు. అమెరికాలో అద్దె కంపెనీలు 25 లోపు వాళ్ల దగ్గర రోజుకింత అని అదనంగా గుంజుతాయి. అక్కడ చదువుకుంటున్న మనవాళ్లందరికీ ఇది అనుభవమే. న్యూయార్క్, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో 18 నిండినవాళ్లకి ఇవ్వనని అనడానికి వీల్లేదు గానీ, ఆ అదనపు ఫీజు మాత్రం వసూలు చేసుకోవచ్చు. ఇక్కడ మాకు ఆ లెక్కే లేదు. కొత్తగా నేర్చినవాడికిచ్చినా, ఇరవై ఏళ్లుగా లారీ నడిపినవాడికిచ్చినా రేటొకటే, ప్రీమియమూ ఒకటే. తేడా అంతా ఓనరు జేబులోంచే పోతుంది.

ఎలా పోతుందో చూడు. బంపర్ పగిలింది అనుకో. క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, ఐదేళ్లు జాగ్రత్తగా ఉంటే 50 శాతం దాకా వచ్చే డిస్కౌంట్ అది. పెట్టకపోతే బిల్లు నాదే. రెండింట్లో ఏది చేసినా బండి షెడ్డులో పది రోజులుంటుంది, ఆ పది రోజులూ ఈఎంఐ ఆగదు. క్లచ్ ప్లేట్లు కాలిపోతే అసలు ఇన్సూరెన్స్‌కే రాదు, అది అరుగుదల కింద లెక్క. కొత్తగా నేర్చినవాళ్లు మొదట చంపేది క్లచ్‌నే. ఎర్రలైటు దగ్గర ఎత్తు మీద బ్రేకు వాడకుండా హాఫ్ క్లచ్‌లో బండిని ఆపి ఉంచుతారు, సాయంత్రానికి కారులో కాలిన రబ్బరు వాసన. అడిగితే "మేం తీసుకున్నప్పుడే ఉందన్నా" అంటారు.

ఇంకో మాట: లైసెన్స్ కార్డు మీద పైన కనిపించే తేదీ చూసి మురిసిపోవద్దు. రెండేళ్ల కిందట ఒకబ్బాయి వచ్చాడు. కార్డు మీద ఇష్యూ డేట్ మూడేళ్ల నాటిది. ఏడాది దాటింది కదా, ఇచ్చేద్దామనుకున్నాను. కార్డు వెనక్కి తిప్పితే అక్కడ ఒక్కో క్లాసుకీ విడిగా తేదీ ఉంటుంది. గేరు బైకు, అదే ఎంసీడబ్ల్యూజీ, మూడేళ్ల కిందటిది. ఎల్‌ఎంవీ చేర్చింది అంతకు ముందు నెల. వాడు మోసం చేద్దామని రాలేదు పాపం, వాడికే తెలీదు వెనక తేదీలుంటాయని. ఇంకొందరు బైకు లైసెన్స్ ఒక్కటే పట్టుకుని "లైసెన్స్ ఉందన్నా" అని వస్తారు. నీ కార్డు కూడా ఒకసారి తిప్పి చూసుకో, నాలుగు నెలలు అన్నది ఎల్‌ఎంవీ తేదీయేనా అని.

ఇప్పుడు అన్నయ్య లైసెన్స్ సంగతి.

నా బండికే జరిగింది. ఒకాయన, ముప్పై దాటిన మనిషి, వచ్చి కాగితాలన్నీ ఇచ్చి, సంతకం పెట్టి, కారు తీసుకుని మా సందు మలుపు దాటాక తమ్ముడికి తాళాలిచ్చేశాడు. తమ్ముడికి లైసెన్స్ ఉంది, నీలాగే కొత్తది. ఆనందపురం దాటాక ముందు పోతున్న ఆటో సడెన్‌గా ఆగితే వెనక నుంచి గుద్దాడు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కారు ముందు భాగం, రేడియేటర్ మొత్తం పోయాయి. భయపడి అన్నయ్యని పిలిపించి, ఆయనే నడిపాడని నాకు చెప్పారు. నేను నమ్మి క్లెయిమ్ ఫారంలో డ్రైవరు పేరు ఆయనదే రాశాను. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయరు వచ్చి మెల్లగా అన్నీ అడిగాడు. పక్కనే పెట్రోల్ బంకు, దాని సీసీ కెమెరా. ఆటో అతను కూడా "చిన్నబ్బాయే నడిపాడు సార్" అన్నాడు. క్లెయిమ్ కొట్టేశారు.

ఇందులో ఏడుపొచ్చే సంగతి ఏంటంటే, నిజం చెప్పి ఉంటే ఆ క్లెయిమ్ వచ్చేది. చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుంది, కొత్తదా పాతదా అని అందులో ఉండదు. డబ్బు పోయింది యాక్సిడెంట్ వల్ల కాదు, అబద్ధం వల్ల. ఆ అన్నయ్య నాకు విడతలుగా కట్టాడు, చివరి విడత వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారో లేదో నేను అడగలేదు.

అందుకని ఇప్పుడు నా పద్ధతి మారింది. నడిపే ప్రతివాడి లైసెన్స్ అగ్రిమెంట్‌లో రాయాల్సిందే. అన్నయ్య కూడా వస్తానంటే రమ్మను, ఇద్దరి పేర్లూ రాస్తాను, ఘాట్ ఆయన నడుపుతాడు, ఊళ్లో నువ్వు నడుపు. కానీ మనిషి రావాలి, కార్డు ఒక్కటే వస్తే కుదరదు.

మీ ఐదుగురిలో లైసెన్స్ లేనివాడు ఒకడుంటాడు, మధ్యలో "ఒక్క రౌండ్ నేను వేస్తాను రా" అంటాడు. వాడికి ఇచ్చావా, లెక్క పూర్తిగా వేరు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా నడిపినవాడికి 5,000 జరిమానా, బండి అప్పగించినవాడికి ఇంకో 5,000. జరిమానా అయితే పోనీ అనుకోవచ్చు. ఎవరికన్నా దెబ్బ తగిలితే బీమా కంపెనీ బాధితులకి కట్టి, ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. తప్పు ఓనరుది కాదని, లైసెన్స్ సరిచూసే ఇచ్చాడని తేలితే కొంత రక్షణ ఉంది, 2004లో సుప్రీంకోర్టు ఒక బీమా కేసులో ఆ మాట చెప్పింది. నేను నీ కార్డుని నీ ఎదురుగానే రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్‌లో కొట్టి చూసి, స్క్రీన్‌షాట్ దాచుకునేది అందుకే. అనుమానం అనుకోకు.

వైట్ బోర్డు గుట్టు గురించి చెప్తానన్నాను కదా. ఇన్‌స్టాగ్రామ్‌లో "కాగితాలేమీ అక్కర్లేదు, 1,500కే కారు" అని కనిపిస్తాయి. ఏడాది రూల్ అక్కడ ఉండదు కాబట్టి నీలాంటి కుర్రాళ్లంతా అక్కడికే పోతారు. అవి మామూలు తెల్ల ప్లేటు సొంత కార్లు. ప్రైవేట్ కారు పాలసీలో అద్దెకి తిప్పితే వర్తించదని స్పష్టంగా రాసి ఉంటుంది. ఏదన్నా జరిగితే ఓనరు ముందు చేసే పని "ఈ అబ్బాయి మా చుట్టం, ఊరికే తీసుకెళ్లాడు" అని నీతో చెప్పించడం. నువ్వు అలా చెప్పనంటే, ఖర్చు మొత్తం నీ మీదకి తోస్తాడు. మా లైన్లో అందరూ చెడ్డవాళ్లని కాదు, తెల్ల ప్లేటుతో నేనూ మొదట్లో ఏడాది తిప్పాను, ఒప్పుకుంటున్నాను. రోజూ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

అరకుకి ఎందుకివ్వనంటే. మన ఊరి నుంచి అరకు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా మామూలు రోడ్డే. బొడ్డవర దాటాక ఘాట్ మొదలు. ఎక్కడం కాదు కష్టం, దిగడం. ఎక్కేటప్పుడు బండి బరువుగా ఉంది, ఫస్టు గేరు వెయ్యి అని ఇంజనే చెప్తుంది. దిగేటప్పుడు ఏమీ చెప్పదు, హాయిగా జారిపోతుంటుంది. కొత్తవాడు నాలుగో గేరులో వస్తూ బ్రేకు తొక్కుతూనే ఉంటాడు. అనంతగిరి నుంచి కిందికి వచ్చేసరికి బ్రేకులు వేడెక్కి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి, రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఈ ఒక్క మాట డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ చెప్పరు, ఎంవీపీ కాలనీ చుట్టూ తిప్పి వదిలేస్తారు. ఎదురుగా బండి ఎక్కుతుంటే దిగేవాడే ఆగి దారివ్వాలని రూలుంది, అదీ చాలామందికి తెలీదు. ఇక డిసెంబరు పొగమంచులో హెడ్‌లైట్ హై బీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఐదుగురు, డిక్కీలో బ్యాగులు, మ్యాగీ వండుకోడానికి స్టవ్వు, పాటలు ఫుల్ సౌండు. ఈ లెక్కలో నాలుగు నెలల లైసెన్స్‌ని ఎక్కడ పెట్టాలి చెప్పు?

ఘాట్ దగ్గర నేను నేర్చుకున్న ఖరీదైన పాఠం వేరే ఉంది. నలుగురు కుర్రాళ్లు, నడిపేవాడికి లైసెన్స్ వచ్చి ఏడు నెలలు. మంచి పిల్లలే, తాగలేదు, స్పీడూ వెళ్లలేదు, జీపీఎస్‌లో చూశాను. ఫొటోల కోసం టైడ దగ్గర రోడ్డు దిగి పక్కన పెట్టారు. మళ్లీ రోడ్డెక్కేటప్పుడు కింద రాయి తగిలి ఆయిల్ సంపు, అదే ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి, పగిలింది. టక్‌మని శబ్దం వచ్చిందట, దిగి చూస్తే పైకేమీ కనపడలేదట. కాసేపటికి డాష్‌బోర్డు మీద ఎర్రగా నూనె డబ్బా బొమ్మ వెలిగింది. బండి నడుస్తూనే ఉంది కదా, ఎస్.కోటలో మెకానిక్‌కి చూపిద్దామని పన్నెండు కిలోమీటర్లు వచ్చారు. ఇంజన్ పట్టేసింది. ఆగి ఫోన్ చేసి ఉంటే సంపు, ఆయిలు, టోయింగ్ కలిపి పది వేల లోపు పోయేది. నాకు ఇంజన్ పనికి 85 వేలు అయింది. ఆయిల్ లేకుండా నడపడం వల్ల అయిన నష్టం అని ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వలేదు. ఆ పాలసీకి ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తీసుకోకపోవడం నా తెలివి.

ఆ కుర్రాడిని తిట్టలేకపోయాను. ఆ బొమ్మ అంటే ఏంటో వాడికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అప్పటి నుంచి ఏ కొత్త డ్రైవరొచ్చినా ఇగ్నిషన్ ఆన్ చేసి అన్ని లైట్లూ వెలిగించి చూపిస్తాను. పసుపు వెలిగితే మెల్లగా వచ్చి నాకు ఫోన్ చెయ్యి, ఎరుపు వెలిగితే ఉన్నచోటే పక్కకి తీసి ఇంజన్ ఆపు. ఎంత దూరమైనా నేనే వస్తాను.

మరి నీకు ఏం ఇస్తాను? పొద్దున్న ఆరుకి రా. ముందు నేను పక్కన కూర్చుంటాను, నాలుగైదు కిలోమీటర్లు. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించమంటాను, సందులో రివర్స్ పెట్టమంటాను. ఇంజన్ ఆగిపోతే నాకు పట్టింపు లేదు. ఆగినప్పుడు వెనక వాడు హారన్ కొడతాడు కదా, అప్పుడు నువ్వేం చేస్తావో చూస్తాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, మళ్లీ స్టార్ట్ చేసి, అద్దం చూసి కదిలేవాడికి తాళాలిస్తాను. కంగారుగా నా మొహం చూసేవాడికి ఇవ్వను. పోయినేడు 22 ఏళ్ల అమ్మాయి వచ్చింది, లైసెన్స్‌కి రెండు నెలలు. ఆ కాసేపట్లో మూడుసార్లు ఇంజన్ ఆపేసింది, మూడుసార్లూ తొణక్కుండా స్టార్ట్ చేసింది. తిరిగొచ్చాక "రివర్స్ ఇంకోసారి చూపించండి అంకుల్" అంది. భీమిలికి ఇచ్చాను. రెండోసారి శ్రీకాకుళం, నాలుగోసారి అరకు. ఇప్పటిదాకా గీత పడలేదు. ఇక కార్ల గురించి మెకానిక్‌లా అన్నీ తెలిసినట్టు మాట్లాడే కుర్రాళ్లుంటారు, వాళ్లంటే నాకు భయం.

నీకూ అదే దారి. మొదటిసారి బీచ్ రోడ్డు, భీమిలి, వెలుతురుండగా వెళ్లి వెలుతురుండగా రావాలి. ఆటోమేటిక్ అడక్కు, కొత్తవాళ్లు అది తేలికనుకుంటారు గానీ క్లచ్ గొడవ తప్పుతుందే తప్ప దూరం అంచనా రాదు. అరకు ఈసారికి రైల్లో వెళ్లండి. కిరండూల్ పాసింజరుకి 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ కోచ్ కూడా ఉంది, దారిలో 58 సొరంగాలు. పైన జీపు మాట్లాడుకుంటే బొర్రా గుహలు, గాలికొండ అన్నీ వాళ్లే తిప్పుతారు, నడిపేవాడు కూడా కిటికీలోంచి బయటికి చూడొచ్చు.

ఎవరి దగ్గర తీసుకున్నా కొన్ని చూసుకో. కారు చుట్టూ, టైర్లు, వీల్ క్యాప్‌లు, వీలైతే కింద కూడా ఓనరు ఎదురుగానే వీడియో తీయి, మీటరు రీడింగు, పెట్రోల్ ముల్లు అందులో పడాలి. డిపాజిట్ కింద బైకు, దాని ఆర్‌సీ పెట్టించుకోవడం మా దగ్గర మామూలే, దానికి రసీదు రాయించుకో. ఒరిజినల్ లైసెన్స్, ఖాళీ చెక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకు. పోలీసులకి డిజిలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది, ఆ సంగతి వేరు, కానీ నీ కార్డు నీ దగ్గరే ఉండాలి. అగ్రిమెంట్‌లో డౌన్‌టైమ్ అనే మాట వెతుకు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు రోజు అద్దె నువ్వే కట్టాలని దానర్థం. నేను ఏడు రోజులకి మించి వెయ్యను, కొందరు లెక్క లేకుండా వేస్తారు, అందుకే అంకె రాయించుకో. ఈ-చలాన్లు ఆలస్యంగా పడతాయి కాబట్టి డిపాజిట్‌లో కొంత వారం పాటు ఆపడం న్యాయమే, నెల ఆపితే అడుగు.

చివరిగా ఒకటి, వచ్చే ముందే తెలిస్తే మంచిది. 25 లోపు వాళ్లకి తాళాలిచ్చే ముందు నేను ఇంట్లో పెద్దవాళ్లకి ఒక ఫోన్ చేస్తాను. "మీ అబ్బాయికి కారిస్తున్నాను, ఎక్కడికో తెలుసు కదండీ" అని అడుగుతాను, అంతకన్నా ఏమీ అడగను. చాలా బుకింగులు ఆ ఫోన్ దగ్గరే క్యాన్సిల్ అయిపోతాయి. అడ్వాన్స్ మాత్రం అప్పటికప్పుడే వెనక్కిచ్చేస్తాను.